కరెంటు వచ్చాక రెండు నిమిషాలు

నేను ఉద్యోగం చేసింది మూడేళ్లే. దాన్ని ఉద్యోగ జీవితం అనడానికి నాకే మొహమాటంగా ఉంటుంది. కానీ మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు వచ్చి “అక్కా, కంపెనీల ఏం పని చేసినవు?” అని అడిగినప్పుడల్లా నాకు ఒక రోజే గుర్తొస్తుంది. దాన్ని నోటితో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. మొదలుపెట్టగానే తప్పు ఎక్కడ జరిగిందో నాకే చిక్కుపడిపోతుంది. పాప నిద్రపోయింది కాబట్టి రాసి చూస్తాను. రాస్తేనన్నా తేలుతుందేమో. ఇప్పుడిప్పుడే పనిలోకి పోతున్న చెల్లెళ్లకు ఎంతోకొంత పనికొస్తే అదే చాలు.

మా కంపెనీ అంటే మహబూబ్‌నగర్‌లో ఒక షట్టరు, దాని వెనక రెండు గదులు. ఇండ్లలో నీళ్ల మోటారును చూసుకునే పెట్టె తయారు చేసేవాళ్లం. అప్పుడు ఊళ్లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. నీళ్లు ముందు నేలలోని సంపులో పడేవి. అక్కడి నుంచి మోటారు వేసి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించుకోవాలి. ట్యాంకు నిండితే, లేదా సంపు అడుగంటితే, మా పెట్టె మోటారును ఆపేసేది. దాని ముఖం మీద ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్, ఒక చిన్న ఎర్ర లైటు. లోపల వేలెడంత చిప్పు. పెట్టె ఏం చేయాలో అంతా ఆ చిప్పులో రాసి ఉంటుంది. చిప్పు మారిస్తే పెట్టె బుద్ధి మారుతుంది.

ఆ బుద్ధిని రాసేది హైదరాబాదులో ఉండే ఇంజనీరు. నెలకోసారి బస్సులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాడు. ఇండ్లలో పెట్టెలు బిగించేది మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన. ఇరవై ఏళ్లు మోటార్లకు వైండింగ్ కట్టిన మనిషి. మా అందరి మీదా యజమాని, సార్. ఆయన కరెంటు సామాన్ల దుకాణం నుంచి పైకొచ్చినవాడు, ఏ మాటకైనా ముందు గిరాకీ సంగతి చూసేవాడు. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివినందుకు, ఇండ్లలో ఆడవాళ్లతో మాట్లాడగలనన్నందుకు నన్ను పెట్టుకున్నారు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి వాడకం నేర్పడం, తెలుగులో కాగితాలు రాయడం, ఫిర్యాదులు రిజిస్టరులో ఎక్కించడం నా పని. పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. అత్తమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని.

ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లకు ఒకటే భయం. పాత మోటార్లు, సరైన ఎర్తింగు లేని ఇండ్లు. మోటారు నడుస్తున్నప్పుడు సంపులోకి దిగిన ఇనుప పైపును తాకితే షాక్ కొడుతుందని అందరికీ తెలుసు. అందుకే సంపు కడగడానికి వాళ్లకొక పద్ధతి ఉండేది. నల్లా వచ్చే రోజు పొద్దున్నే మోటారు వేసి, ఉన్న నీళ్లను మిద్దె మీదికి ఎక్కిస్తారు. పది గంటలకు కరెంటు కోత మొదలు కాగానే మోటారు ఆగుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పాచి గీకి, మడ్డి ఎత్తిపోస్తారు. పన్నెండుకు కరెంటు వచ్చేలోగా పైకి వచ్చేస్తారు.

“మధ్యల కరెంటొస్తే ఎట్ల బిడ్డా?” అని అడిగేవాళ్లు నన్ను.

“పచ్చ బటన్ నొక్కనిదే మోటారు తిరగదమ్మా. కరెంటు పోయి మల్ల వచ్చినా తిరగదు. ఫికర్ లేకుండా దిగుండ్రి” అనేదాన్ని. పెట్టె ముందు నిలబెట్టి, మెయిన్ ఆపి, మళ్లీ వేసి చూపించేదాన్ని. మోటారు కదిలేది కాదు. వాళ్ల ముఖాలు తేటపడేవి. నేను చెప్పింది అప్పటికి నిజమే.

తర్వాత ఏమైందంటే, అదే ఆడవాళ్లు ఇంకో ఫిర్యాదు చెప్పడం మొదలుపెట్టారు. ట్యాంకు సగం నిండగానే కరెంటు పోతుంది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. బటన్ నొక్కేవాళ్లు లేక సాయంత్రానికి నీళ్లుండవు. నేను రిజిస్టరులో రాశాను: కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలైతే బాగుంటుంది. దాని కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ గీతలు బాగా గుర్తున్నాయి, ఎందుకంటే తర్వాత ఆ పేజీని చాలాసార్లు తీసి చూశాను.

ఒక నెల ఇంజనీరు మిఠాయి డబ్బాలో, థర్మకోల్‌కు గుచ్చి, డజను చిప్పులు తెచ్చాడు. “కొత్త ప్రోగ్రాం. ఏడు కొత్త సౌకర్యాలు” అన్నాడు. ఇంగ్లీషులో ఒక పేజీ ఇచ్చి బస్సెక్కి పోయాడు. నేను దాన్ని తెలుగులోకి రాశాను. చీకటి పడగానే వసారా లైటు వెలుగుతుంది. నల్లా రాగానే పెట్టె కూత పెడుతుంది. కరెంటు వచ్చాక వోల్టేజి కుదురుకోవడానికి రెండు నిమిషాలు ఆగుతుంది. కరెంటు పోయే ముందు ఏం చేస్తోందో గుర్తుపెట్టుకుని మళ్లీ అదే చేస్తుంది. మిగతావన్నీ ఎర్ర లైటు సంగతులు. మూడుసార్లు మిణుక్కుమంటే ఒకటి, నాలుగుసార్లైతే ఇంకొకటి, ఐదుసార్లైతే మరొకటి. నాకు నాలుగుకీ ఐదుకీ ఎప్పుడూ తేడా కుదిరేది కాదు. ఎర్ర బటన్ కూడా మారింది. అంతకు ముందు నొక్కితే మోటారు ఆగేది. ఇప్పుడు ఒకసారి నొక్కితే కూత ఆగుతుంది, రెండోసారి నొక్కితే మోటారు ఆగుతుంది. లేకపోతే మొదట మోటారు, తర్వాత కూత. చూశారా, ఇప్పటికీ అంతే.

ఆ వారం ఊళ్లోని ఇండ్లలో పాత చిప్పులు తీసి కొత్తవి పెట్టాం. ఒక ఇంట్లో వీధంతా ఖాలా అని పిలిచే పెద్దామె ఉండేది. ఆమె కొడుకు దర్జీ, వీధి వైపు గదిలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. ఖాలా చాలాసేపు ఎర్ర లైటునే చూసి, “పెండ్లిపిల్లగాని లెక్క కన్నుగొడుతుంది గదనే ఇది. ఏమంటది?” అంది.

“అంతా మంచిగనే ఉందంటుంది ఖాలా” అన్నాను. లైటు నాలుగుసార్లు మిణుక్కుమన్నదో ఐదుసార్లో లెక్కపెట్టలేదు.

ఇక ఆ రోజు. పదకొండు దాటింది. మా షట్టరు ఉన్న వీధికి కోత వేరే టైములో ఉండేది కాబట్టి మాకు కరెంటు ఉంది. చాచా బల్ల మీద ఒక కొత్త పెట్టెను చూస్తున్నాడు. మోటారు బదులు దానికి ఒక బల్బు తగిలించాడు. బల్బు వెలుగుతుండగా మెయిన్ ఆపి, చాయ్ తాగి వచ్చి, మళ్లీ వేశాడు. బల్బు వెలగలేదు. ఆయన నా వైపు తిరిగి పాప పళ్ల సంగతి అడుగుతున్నాడు. రెండు నిమిషాలయ్యాక బల్బు వెలిగింది.

“ఎవరు నొక్కిన్రు?” అన్నాడు చాచా.

“ఎవ్వరు నొక్కలే చాచా. కొత్త సౌకర్యం.”

“ఎన్నోది?”

“నాలుగోది. ఐదోది కావచ్చు.”

చాచా మెయిన్ ఆపేశాడు. “మరి సంపుల మనిషుంటే, బేటీ?”

నాకు వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్తున్నాను. నా మనసు ముందు ఆ కాగితం మీదికి పోయింది, అందులో సంపు అన్న మాట ఎక్కడా లేదు కదా అనుకున్నాను. తర్వాత పద్ధతి గుర్తొచ్చింది. కోతకు ముందు మోటారు వేసే ఉంచుతారు. మోటారు నడుస్తుండగానే కరెంటు పోతుంది. అంటే కరెంటు తిరిగి రాగానే పెట్టె గుర్తుపెట్టుకుని మళ్లీ మోటారు వేస్తుంది. అదీ వెంటనే కాదు, రెండు నిమిషాలు ఊరుకుని. కరెంటు వచ్చింది, మోటారు తిరగలేదు, ఇంకేం భయం లేదని సంపులోని మనిషి అనుకున్నాక.

ఆ పెట్టె చేసే పనిని సంపులో నిలబడిన మనిషి వైపు నుంచి చాచా తప్ప మాలో ఎవరం చూడలేదు.

సార్ ఊళ్లో లేడు. రిజిస్టరు తీసి చూస్తే, ఆ రోజు నల్లా వచ్చే వీధుల్లో కొత్త చిప్పు పెట్టిన ఇండ్లు ఆరు. ఏ ఇంట్లోనూ ఫోను లేదు. చాచా మోపెడ్ మీద నాలుగిండ్లకు బయల్దేరాడు. మిగిలిన రెండింటికి నేను ఆటో ఎక్కాను. ఒకటి ఖాలా ఇల్లు, ఇంకొకటి ఊరి చివర పాలమ్మే అవ్వ ఇల్లు.

ఖాలా ఇంటికి చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. సంపు మూత తీసి ఉంది. లోపలి నుంచి చీపురు గీకుతున్న చప్పుడు వస్తోంది.

“ఖాలా, బయటికి రమ్మను. జల్ది.”

“ఎందుకే? ముప్పావుల పని అయింది. ఇంక మడ్డి ఎత్తాలె.”

“కరెంటొస్తే మోటారు తిరుగుతది.”

ఖాలా నవ్వింది. “తిరగదు బిడ్డా. బటన్ నొక్కనిదే తిరగదు. నువ్వే గద చెప్పినవు.”

“అప్పుడు తిరగకపోయేది. ఇప్పుడు తిరుగుతది. కొత్త చిప్పు పెట్టినం గద.”

“కొత్తది మంచిదంటివి?”

“మంచిదే ఖాలా, కానీ...”

కింది నుంచి దర్జీ గొంతు వచ్చింది. “ఎవరమ్మీ?”

“మోటరు పిల్ల. నిన్ను బయటికి రమ్మంటాంది.”

“బటన్ కాడ ఎవ్వరు లేరు గద. జర ఆగమను, ఒక మూల మిగిలింది.”

నా మాటే నా ముందుకు వచ్చి నిలబడింది. నేను ఎంత చెప్తే వాళ్లు అంత ధైర్యంగా నాకే తిరిగి చెప్తున్నారు. అంతలో లోపలి గదిలో ఫ్యాను కిర్రుమంటూ తిరగడం మొదలైంది. కోత ఆ రోజు ముందే అయిపోయింది. ఖాలా తృప్తిగా, “చూసినవా? కరెంటొచ్చింది. తిరిగిందా మోటరు?” అంది.

నేను పెట్టె దగ్గరికి పరుగెత్తాను. ఎర్ర లైటు మిణుక్కుమంటోంది. ఎర్ర బటన్ నొక్కాను. పెట్టె కుయ్యిమంది. అది మోటారు ఆగినట్టో, కూత ఆగినట్టో తెలియలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ కుయ్యిమంది. ఆ కాగితం రాసింది నేనే. ఒక్క అక్షరం గుర్తు రాలేదు.

“ఫ్యూజు కట్‌ఔట్లు ఎక్కడున్నయి ఖాలా?”

“గా పర్దా ఎనుక. ఎందుకట్ల ఉరుకుతున్నవు?”

పరదా లాగి రెండు కట్‌ఔట్లూ పీకేశాను. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. అప్పుడు దర్జీ విసుక్కుంటూ పైకి వచ్చాడు, మోకాళ్ల దాకా మడ్డితో. “ఒక్క మూలకు గింత లొల్లా?” అన్నాడు.

ఆయన సంపుకు దూరంగా వచ్చాక కట్‌ఔట్లు మళ్లీ పెట్టాను. “ఇప్పుడు ఎవ్వరం ఏం ముట్టొద్దు. చూడుండ్రి” అన్నాను. ముగ్గురం నిలబడ్డాం. ఏమీ కాలేదు. ఖాలా నా వైపు జాలిగా చూసింది. పిల్ల తల్లి, నిద్ర లేక మతి తప్పిందనుకుని ఉంటుంది. నాకూ అదే అనుమానం వచ్చింది. రెండుసార్లు ఎర్ర బటన్ నొక్కాను కదా, అది నిజంగానే ఆగిపోయిందేమో.

అప్పుడు మోటారు గుర్రుమని తిరిగింది. ఇంకా మొదలుకాని మోటారుకు ఎర్ర బటన్ పట్టలేదన్నమాట.

దర్జీ లోపలికి వెళ్లి టెస్టరు తెచ్చాడు. సంపులోకి దిగే పైపుకు ఆనించాడు. టెస్టరు వెలిగింది. దాన్ని అలాగే పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. కాళ్ల మీద మడ్డి ఎండిపోతోంది.

ఖాలా మళ్లీ కట్‌ఔట్లు పీకింది, ఈసారి తనే. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. “నువ్వు అబద్ధం చెప్పినవని అనను బేటీ. చెప్పినంక అది మారింది. మారినప్పుడు మల్ల వచ్చి చెప్పాలె గద” అంది.

వచ్చాను కదా అందామనుకున్నాను. చిప్పు మార్చినప్పుడు వచ్చాను, ఏడు సౌకర్యాలూ చెప్పాను. ఏడింటిలో ఇదీ ఉంది. కానీ మొదటిసారి నేను ఇచ్చిన మాట ఈ రోజు నుంచి చెల్లదని మాత్రం ఎక్కడా చెప్పలేదు. అది జాబితాలో లేదు. చెల్లెళ్లూ, కొత్తగా ఏం వచ్చిందో అందరూ రాసి ఇస్తారు. పాత మాటల్లో ఏది చెల్లకుండా పోయిందో రాసిన కాగితం నాకు ఆ మూడేళ్లలో ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఎవరికీ ఇవ్వలేదు.

అవ్వ ఇంటికి పోతే తాళం వేసి ఉంది. పక్కింటామె, పాలు పోసి వస్తూ గడ్డి కోసుకుని వస్తదని చెప్పింది. ఇంట్లో ఉండేది అవ్వ ఒక్కతే, సంపు కడిగేదీ ఆమే. తాళం ఉందంటే సంపులో ఎవరూ లేనట్టే కదా అని ఆ పూటకు ఊపిరి పీల్చుకున్నాను. షట్టరుకు వచ్చేసరికి చాచా తన నాలుగిండ్లూ తిరిగి వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం సార్ వచ్చాడు. అంతా విని, “ఎవరికన్న ఏమన్న అయిందా?” అన్నాడు.

“కాలేదు సార్.”

“మరి?”

ఇంజనీరుకు ఫోను చేశాడు. పెట్టేసి మాతో, “అది తప్పు కాదంటడు. అది సౌకర్యమే, గిరాకీలు అడిగిందే అంటడు. రిజిస్టరులో మీరే రాసిన్రట” అన్నాడు.

“సౌకర్యం సంపుల దిగదు గద సార్. మనిషి దిగుతడు” అన్నాడు చాచా.

సార్ నవ్వలేదు గానీ, పాత చిప్పులు మళ్లీ పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు. “గిరాకీలను భయపెట్టకుండ్రి. షాక్ గీక్ అని రాయొద్దు. మెల్లగ, పద్ధతిగ చెప్పుండ్రి.”

మరునాడు పొద్దున్నే అవ్వ ఇంటికి పోయాను. మళ్లీ తాళమే. ఆమె వచ్చేదాకా అక్కడే కూర్చోవాలనుకున్నాను. అరగంట కాగానే మా వీధి ఆటో అతను వెతుక్కుంటూ వచ్చాడు. పాప ఒళ్లు కాలిపోతోందని అత్తమ్మ పంపిందట. గడప మీదే సంచి పెట్టుకుని గబగబా ఒక కాగితం రాశాను. సార్ మాట చెవుల్లో ఉంది. భయపెట్టకూడదు. తలుపు సందులో పెట్టి వెళ్లిపోయాను. పక్కింటామెకు నోటితో చెప్పి పోవాలని కూడా తట్టలేదు.

పాపను దవాఖానలో చేర్చుకున్నారు. చాచాను సార్ పని మీద నల్లగొండ తీసుకుపోయాడు. ఇంకెవర్నైనా పంపమని సార్‌కు ఫోను చేస్తే, “కాయిదం పెట్టొచ్చినవు గద” అన్నాడు. అత్తమ్మను ఒక్క గంట పాప దగ్గర ఉండమని నేను పోయి రావచ్చు. పోలేదు. పాప నా వేలు పట్టుకుని వదలడం లేదు. దవాఖానలో కరెంటు పోయి, మళ్లీ వచ్చి ఫ్యాను తిరిగినప్పుడల్లా నేను రెండు నిమిషాలు లెక్కపెట్టాను. నూట ఇరవై అంకెలు. పాప కోసం మొక్కుతున్నానో, అవ్వ కోసం మొక్కుతున్నానో తెలిసేది కాదు. ఏ తల్లినైనా అడిగితే పాప దగ్గరే ఉండాలంటుంది. నన్ను నేను అడిగితే మాత్రం ఇప్పటికీ ఒకేలా జవాబు రాదు. ఆరేడు నెలల తర్వాత ఉద్యోగం మానేశాను. ఎందుకు మానేశావంటే పాప కోసం అని చెప్తుంటాను. అదీ నిజమే.

మూడో రోజుకు జ్వరం దిగింది. ఇంటికి కూడా పోకుండా, పాప అత్తమ్మ చేతిలో ఉండగానే, అవ్వ ఇంటికి పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. అవ్వ సంపు గట్టు మీద నిలబడి, బొక్కెనకు తాడు కట్టి నీళ్లు చేదుతోంది. నాలుగు బర్రెలకు నీళ్లు అలాగే పోస్తోంది.

“వచ్చినవా? రా” అంది. అరచేతులు చూపించింది. తాడు ఒరిసి రెండూ ఎర్రగా కమిలిపోయాయి. “మూడు దినాలాయె. నీ మోటరు దెబ్బకు నేను బర్రెల కాడ బర్రెనైన.”

“కాయిదం చూసినవా అవ్వా?”

“చూసిన. నాకు సదువు రాదు గద. పాలు పోసే కాడ టీచరమ్మకు ఇచ్చి సదివించిన. ఆమె రొండుసార్లు సదివింది. ఆమెకు అర్థం కాలె, నాకు అర్థం కాలె.”

కొంగు ముడి విప్పి కాగితం నా చేతికిచ్చింది. నా రాతే. ‘విద్యుత్ పునరుద్ధరణ అనంతరం పరికరం తన పూర్వస్థితిని కొనసాగించు అవకాశమున్నందున వినియోగదారులు తగు జాగ్రత్త వహించగలరు.’

“మరి సంపుల ఎందుకు దిగలే అవ్వా? మోటరు ఎందుకు బంద్ చేసినవు?”

“పక్కింటామె చెప్పింది, నువ్వు వచ్చి పోయినవని. తెల్లారి మల్ల వచ్చినవని. అమ్మేటోళ్లు ఒక్కసారే వస్తరు బిడ్డా. మల్ల మల్ల వచ్చిన్రంటే ఏదో తప్పు జరిగినట్టే. అందుకే కట్‌ఔట్లు పీకి బియ్యం డబ్బల ఏసిన.” బొక్కెన కింద పెట్టి నడుం నిటారుగా చేసుకుంది. “ఇప్పుడు నోటితోని చెప్పు. ఏమైంది?”

“కరెంటొచ్చినంక మోటరు దానంతట అదే తిరుగుతది అవ్వా. ఎవ్వరు నొక్కకున్నా తిరుగుతది. సంపుల ఉంటే షాక్ కొడుతది. నేను ముందు చెప్పిన మాట ఇప్పుడు చెల్లదు.”

అవ్వ ఇంకా ఏదో ఉందన్నట్టు నా ముఖం చూస్తూ ఆగింది.

“ఇంకేం లేదవ్వా.”

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసింది.

“గింతేనా? మరి గిన్ని అక్షరాలు ఎందుకు రాసినవు బిడ్డా?”